సర్దుకుపొమ్మంటే ఎక్కడికి పొమ్మని?

(పల్లె నుంచి వీధిలోకి - 14)

సర్దుకుపోవడం అనేది తెలుగులో చూడ్డానికి చాలా మంచి మాట. బస్సులో ముగ్గురి సీట్లో నలుగురు కూర్చుంటే సర్దుకుపోవడం. పెళ్లింట్లో చాపలు చాలకపోతే సర్దుకుపోవడం. కానీ ఆ మాటని కాస్త విడదీసి చదవండి. సర్దుకుని పో. మూటాముల్లే సర్దుకుని పో. ఎవరు ఎవరితో అంటున్నారనేదాన్ని బట్టి అదే మాట ఆదరణా అవుతుంది, వెళ్లగొట్టడమూ అవుతుంది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను గానీ, ఈ రెండో అర్థం నాకు యూనివర్సిటీలో ఎవరూ చెప్పలేదు. మా ఇంటి గేటు ముందు తెలిసింది.

విషయం చిన్నదే. చిన్నదంటారని తెలిసే రాస్తున్నాను.

మాది నూట యాభై గజాల్లో బ్యాంకు అప్పుతో కొన్న ఇల్లు. మా ఇంటిపేరు వాళ్లలో పల్లె దాటి ఒక కాలనీలో ఇల్లు కొన్న మొదటి మనుషులం మేమే. గేటు, గేటు ముందు మురుగుకాలవ మీద సిమెంటు ర్యాంపు, లోపల సెకండ్ హ్యాండ్ ఆల్టో. పక్కింటాయనకి ఇన్నోవా ఉంది. ఆయన ప్రహరీ పొడవునా రెండు కార్లు నిలిపేంత జాగా ఉంది. ఆ జాగాలో పూలకుండీలు ఉంటాయి. ఇన్నోవా మాత్రం రాత్రిళ్లు మా ర్యాంపుకి అడ్డంగా పడుకుంటుంది.

మేం దిగిన కొత్తలో ఇలా లేదు. వాటర్ ట్యాంకర్ వాళ్ల నంబరు కూడా ఆయనే ఇచ్చాడు. తర్వాత ఒక సాయంత్రం వాళ్లావిడ గోడ మీదుగా "మీరేమిట్లు?" అని అడిగింది. ఈ ప్రశ్న ఎలా అడుగుతారో మీకు తెలుసు. జీతం ఎంతని అడిగేటప్పుడు ఉండే మొహమాటం కూడా ఇందులో ఉండదు. చెప్పాను. "అట్టాగా" అంది. ఆ అట్టాగా తర్వాత పది రోజులకి ఇన్నోవా చోటు మారింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను కోర్టులో రుజువు చెయ్యలేను. కానీ మా వీధిలో ఇంకా పది గేట్లున్నాయి. మాకు అవతలి పక్క రిటైరైన ఆఫీసరు గేటు ముందు ఆ కారు ఒక్క రాత్రి కూడా ఆగలేదు.

మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఆరింటి షిఫ్టు. మా ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో. అయిదుంబావుకి నేను కారు తియ్యాలి. ఒక బుధవారం ఆయన కాలింగ్ బెల్ పావుగంట కొట్టాను. ఎవరూ లేవలేదు. ఫోన్ ఎత్తలేదు. అమ్మని భుజం పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిపించి, ఆటో దొరికి, ఆస్పత్రికి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. డయాలసిస్ మంచం మన కోసం ఖాళీగా ఉండదు. తర్వాతి షిఫ్టు వాళ్లు బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు. నాలుగు గంటలు ఎక్కించాల్సింది మూడుంబావు గంటలకే తీసేశారు. ఆ రాత్రి అమ్మ ఆయాసంతో పడుకోలేక మంచం మీద కూర్చునే ఉంది.

సాయంత్రం వెళ్లి అడిగాను. "అంకుల్ గారూ, అమ్మని తీసుకెళ్లే రోజులైనా బండి మీ గోడ ముందు పెట్టుకోండి" అని. ఆయన జవాబు మూడు ముక్కలు. "రోడ్డు అందరిదమ్మాయ్." "ఒక్కరోజుకి ఏమవుద్ది, సర్దుకుపోవాలి." "మీ సారు వచ్చాక మాట్లాడతాలే." మూడోదాని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు, ఈసారికి వదిలేస్తున్నా. మొదటి రెండూ చూద్దాం.

రోడ్డు అందరిది. ఎప్పటినుంచండీ? మా తాత ఊళ్లోకి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాడు. అప్పుడు రోడ్డు అందరిది కాదు. 1924లో వైకోంలో సత్యాగ్రహం గుడి లోపలికి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఇరవై నెలలు కూర్చున్నారు, దెబ్బలు తిన్నారు, జైలుకి పోయారు. చివరికి 1925లో కుదిరిన సర్దుబాటు ఏమిటో తెలుసా? మూడు వైపుల రోడ్లు తెరిచారు. తూర్పు రోడ్డు మాత్రం వాళ్లకే ఉంచుకున్నారు. ఆ నాలుగో వైపు కోసం 1936 దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగింట మూడు ఇచ్చాం కదా, ఇంకేం కావాలి అనడం మనకి కొత్త కాదు.

రాజ్యాంగం రాసేటప్పుడు 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల సరసన "రోడ్లు" అనే మాట విడిగా చేర్చారు. ఆ మాట ఊరికే రాలేదు. నడవనివ్వని రోడ్లు ఉన్నాయి గనక వచ్చింది. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించినప్పుడు, రోడ్డునీ దారినీ అందరితో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం, సైకిలో మోటార్‌సైకిలో ఎక్కనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపుని ఆపడం నేరాలని పేరుపెట్టి రాయాల్సి వచ్చింది. 2015లో! సెల్‌ఫోన్లో రైలు టిక్కెట్టు కొంటున్న రోజుల్లో, ఈ దేశ పార్లమెంటు సైకిలెక్కే హక్కుని చట్టంలో రాసింది.

రోడ్డు మాకు కావాలన్నప్పుడు అది వాళ్లది. ఆ రోడ్డు పక్కన మాకో గేటు లేచేసరికి అది అందరిదైపోయింది. మా గేటు ముందున్న ఆ తొమ్మిదడుగుల్లో మాత్రం పక్కింటాయనకి సమసమాజం కనిపిస్తోంది. తన గోడ ముందు పూలకుండీల దగ్గర మాత్రం కనిపించడం లేదు.

చట్టం సంగతి కూడా తేల్చేద్దాం. రోడ్డు అందరిది గనకనే దాన్ని ఎవరూ మూయకూడదు. బహిరంగ స్థలంలో ఇతరులకి అడ్డంగా బండి వదిలెయ్యకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. ప్రజల దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285 కింద అయిదు వేల వరకు జరిమానా. ర్యాంపు మున్సిపాలిటీ జాగాలోకి వచ్చింది కదా అని ఒకాయన మధ్యలో పుల్ల వేశాడు. వచ్చింది. వీధిలో ప్రతి ర్యాంపూ వచ్చింది, ఆయనది అందరికంటే రెండడుగులు ఎక్కువ వచ్చింది. అన్నీ కొట్టేస్తామంటే మొదటి గునపం నేనే పట్టుకుంటాను.

ఈ లోపు వీధిలో ఒక పుకారు లేచింది. "వాళ్లతో ఏం మాట్లాడతాం, మాట్లాడితే అట్రాసిటీ కేసు పెడతారు" అని. నేను ఏ కేసూ పెట్టలేదు. ఆయన నన్ను కులం పేరుతో ఒక్క మాట అనలేదు, కులం వల్లే ఇలా చేస్తున్నాడని చూపించే సాక్ష్యమూ నా దగ్గర లేదు. లేనిది ఉందని రాయను. కానీ పుకారు చేసే పని చూడండి. మనల్ని కాపాడటానికి వచ్చిన చట్టాన్నే మనతో మాట్లాడకపోవడానికి సాకు చేసుకుంది. వాడని చట్టానికి కూడా మనమే సంజాయిషీ చెప్పుకోవాలి.

సందర్భం వచ్చింది గనక విద్యార్థులు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఇంటి గేటు దగ్గర, ఆపి ఉన్న కారు పక్కన నిలబడ్డ ఒక డ్రైవర్‌ని కులం పేరుతో దూషించిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్వరణ్ సింగ్ కేసు, 2008. ఇంటి గేటు జనానికి కనబడే చోటే అని కోర్టు తేల్చింది. ఎవరైనా మీ గేటు దగ్గర నోరు జారితే, "అది ప్రైవేటు స్థలం, కేసు నిలవదు" అని స్టేషన్లో చెప్పే మాటకి అక్కడే జవాబు ఉంది.

ఇక మా కాలేజీలో ఒక సహోద్యోగి. మంచివాడే, పుస్తకాలు చదువుతాడు. "మేడమ్, పార్కింగ్ గొడవలు అందరికీ ఉంటాయి, ప్రతిదాన్లో కులమేనా?" అన్నాడు. నిజమే, అందరికీ ఉంటాయి. ఆయన అపార్ట్‌మెంట్లో కూడా పోయిన దసరాకి అలాంటి గొడవే జరిగింది. ఇద్దరూ వీధి వినేలా తిట్టుకున్నారు, ఒకరి కారు అద్దం పగిలింది, అసోసియేషన్ వాళ్లు టీ ఇచ్చి కూర్చోబెట్టారు, అయిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరి ప్రవర్తన మీదా ఎవరూ వ్యాఖ్యానం చెయ్యలేదు. నేను గొంతు కూడా పెంచలేదు. అయినా మూడో రోజుకి "బాగా చదువుకుంది కదా, ఆ మాత్రం పొగరుంటుందిలే" అనే మాట నా చెవిన పడింది. వాళ్లు వాళ్లు అనుకుంటే గొడవ, మనం అడిగితే పొగరు. కులం ఇన్నోవాలో లేదు, ఆ రెండు మాటల మధ్య ఉంది. ఆ సహోద్యోగి ఈ తేడా గురించి ఎప్పుడూ ఆలోచించనక్కర్లేకుండా బతికాడు. అందుకే అంత నెమ్మదిగా అడగగలిగాడు.

మనవాళ్లూ తక్కువేం కాదు. మా మేనమామ ఫోన్ చేసి "ఎందుకు తల్లీ, నలుగురి మధ్య బతకాలి, పోనీ" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. 1985లో కారంచేడు జరిగేనాటికి ఆయన చీరాలలో చదువుకుంటున్నాడు. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెని కడగొద్దన్నందుకు, ఒక ఆడమనిషి బిందె ఎత్తినందుకు, మర్నాడు జూలై 17న ఆరుగురిని చంపారు. గేటు ముందు కారుని దాంతో పోల్చేంత తెలివితక్కువదాన్ని కాను. కానీ మా మామ "పోనీ" వెనకాల ఆ చెరువు ఉంది. మన పెద్దవాళ్ల సర్దుకుపోవడం మంచితనం అనుకుని పొగిడేవాళ్లు, అది ఏ భయం నుంచి పుట్టిందో ఒక్కసారి అడగాలి. జాషువా 1941లో శివుడికి కబురు పంపడానికి గబ్బిలాన్ని వెతుక్కున్నాడు, దానికి గుడి తలుపు అడ్డం రాదు గనక. నాకు గబ్బిలం అక్కర్లేదు. పోలీసు స్టేషన్లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం వచ్చు.

అదే చేశాను. పద్నాలుగు రోజులు ఫోటోలు తీశాను. ప్రతి ఫోటోలో మూడూ ఉండేలా చూసుకున్నాను: బండి నంబరు, మా గేటు, టైము. రెండుసార్లు 112కి ఫోన్ చేశాను, చేసిన టైము రాసి పెట్టుకున్నాను. అర్జీలో కులం గురించి ఒక్క అక్షరం లేదు, డయాలసిస్ కార్డు జెరాక్స్ ఉంది. స్టేషన్లో ఒకాయన "పెద్దాయన కదమ్మా, మాట్లాడుకోవచ్చుగా" అన్నాడు. మాట్లాడిన తేదీలు కూడా అర్జీలోనే ఉన్నాయని చూపించాను. రసీదు ఇవ్వడానికి కొంచెం ఇబ్బంది పడ్డారు. ఇచ్చేదాకా కూర్చున్నాను. ఇలాంటివి ఎదుర్కొంటున్న పిల్లలు చాలామంది "అడిగాం, వినలేదు" దగ్గర ఆగిపోతారు. అద్దె గదుల్లో ఉండేవాళ్లకి ఓనరు ఖాళీ చెయ్యమంటాడేమోననే భయం కూడా ఉంటుంది. నాకు సొంత ఇల్లు ఉంది, పర్మనెంట్ ఉద్యోగం ఉంది. ఈ రెండూ ఉన్న నేనే రసీదు కోసం గంటన్నర కూర్చున్నాను. అందుకని ఒంటరిగా వెళ్లకండి, ఒకరిని తోడు తీసుకెళ్లండి. నోటితో చెప్పి రావద్దు, కాగితం ఇచ్చి రండి.

కానిస్టేబుల్ వచ్చి వెళ్లాక ఇన్నోవా జరిగింది. నాలుగడుగులు. ఇప్పుడు సగం గేటు ఖాళీగా ఉంది. సగం గేటులోంచి ఆల్టో రాదు, అమ్మ వీల్‌చైర్ మాత్రం వస్తుంది. "సగం ఇచ్చాడుగా, ఇంకా ఏంటి?" అని వీధిలో అడుగుతున్నారు. ఆ సగాన్ని కూడా టేపుతో కొలిచి, కొలతలు వేసి, రెండో అర్జీ టైపు చేశాను. శుక్రవారం అమ్మని ఆస్పత్రిలో దించి, అటునుంచి స్టేషన్‌కి వెళ్తాను.