కాకి వాలింది, తాటిపండు రాలింది

ఈమధ్య మనవాళ్లకి యూంగ్ దొరికాడు. అనుకున్న మనిషి ఫోన్ చేస్తే ‘సింక్రొనిసిటీ’. గడియారంలో 11:11 కనబడితే విశ్వం పంపిన కబురు. ఇక అదేదో థెరపీ గదిలోనే జరిగితే చెప్పక్కర్లేదు.

అసలు కథ చిన్నది. అన్నిటికీ తర్కం వెతికే ఒకామె, కలలో ఎవరో తనకి బంగారు పేడపురుగు నగ ఇచ్చారని చెప్తోంది. కిటికీ మీద టకటక. యూంగ్ కిటికీ తెరిచి, దాదాపు అలాంటి పురుగునే పట్టి ఆమె చేతికిచ్చాడు. ఆగిపోయిన చికిత్స కదిలింది. 1952లో అచ్చయిన వ్యాసంలో ఆయనే రాసుకున్నాడు.

మరి భద్రాచలం? స్థలపురాణంలో కోయ స్త్రీ పోకల దమ్మక్కకి రాముడు కలలో కనిపిస్తాడు. వెళ్లి చూస్తే పుట్టలో విగ్రహాలు. రెండు కథల లెక్కా ఒకటే. కానీ ఇవాళ ఆ అడవి అంచునుంచి వచ్చిన ఒక కోయ అమ్మ ‘ఆ పిట్ట నాకోసమే అరిచింది’ అంటే మూఢనమ్మకం అంటాం, లేదా రోగలక్షణమని చీటీ మీద ఎక్కిస్తాం. ఆ మాటే యూంగ్ పేషెంటు అంటే లోతు!

అలాగని ప్రతి శకునానికీ దండం పెట్టమనడం లేదు. బిడ్డకి జ్వరం వచ్చిన రోజే ఎదురింటి ముసలాయన గుమ్మం ముందు నిలబడతాడు. రెంటినీ కలిపి చేతబడి అంటారు. ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు ఈ ఏజెన్సీలో ఉన్నాయి. అదీ ‘అర్థవంతమైన’ కాకతాళీయమే, కాదనగలరా?

కాకతాళీయం. ఎంత మంచి మాట! కాకి వాలింది, తాటిపండు రాలింది. అర్థం కాకిదీ కాదు, పండుదీ కాదు, కింద నిలబడి చూసినవాడిది. కాబట్టి అడగాల్సింది ఒకటే: ఆ అర్థానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? యూంగ్ దాన్ని ఆమె చేతిలోనే పెట్టాడు. ముసలాయన విషయంలో ఊరు దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టింది.

ఇంకో సంగతి మనం మర్చిపోతాం. పురుగు వచ్చేసరికి ఆమె కలని వింటూ ఒక మనిషి అక్కడున్నాడు, ఆమెకి తెలిసిన భాషలో. మానసిక వైద్యం అందరి హక్కని 2017 చట్టం అంది. సరే, కోయలో వచ్చిన కలని కోయలో వినేదెవరు?

విశ్వం సిగ్నల్ కోసం ఎదురుచూసే మిత్రులారా, ‘రాత్రి నీకేం కలొచ్చిందమ్మా’ అని కోయలో అడగగలిగే ఒక్క కౌన్సిలర్ కోసం గొంతెత్తండి. పురుగుల సంగతి తర్వాత చూద్దాం.