ఊరూ పేరూ ఉన్న సీసా

గడచిన మాఘమాసంలో నాకొక విచిత్రమైన అనువాదపు పని తగిలింది. హైదరాబాదులోని ఒక యాత్రాసంస్థవారు ఇటలీ దేశపు ద్రాక్షతోటల సీమలో ఎనిమిది రోజుల విహారయాత్రను గూర్చిన ఇంగ్లీషు కరపత్రాన్ని పంపి, దానిని కుటుంబాలవారు చదివి ముచ్చటపడే తెలుగులోకి మార్చి ఇమ్మన్నారు. ఆ యాత్రలో మ్రొక్కవలసిన గుడి లేదు, మునగవలసిన తీర్థం లేదు. తినడం, త్రాగడం, నడుమ నడుమ కొండలను చూడడం, అంతే. చూచినదానిని, తిన్నదానిని వివరించి చెప్పడానికి వెంట ఒక మార్గదర్శి.

నేనుండేది బిలాస్‌పూర్. తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలాసీగా చేరి ఇక్కడికి వచ్చినవారు. ఆనాటి నుంచి మూడు తరాలుగా మా వాళ్ల జీవితం యీ రైలుకట్ట ప్రక్కనే తెల్లవారుతున్నది, ప్రొద్దుగ్రుంకుతున్నది. కిటికీలోంచి చూస్తే కోర్బా బొగ్గును మోసుకొని పోయే గూడ్సుబండ్లు. మేజా మీద బరోలో ద్రాక్షతోటలు. ఇంగ్లీషు ఎం.ఏ. చదివినందుకు ఇటువంటి పొందికలు నాకు అలవాటే.

మొదటి వాక్యంలోనే కలం ఆగిపోయింది. వైన్ అనే మాటకు తెలుగేమిటి? 'ద్రాక్షారసం' అందామంటే అది బైబిలు అనువాదకుల సొత్తు. కానా ఊరి పెండ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన కథ వినని తెలుగువాడు అరుదు. పైగా చిన్నపిల్లలకిచ్చే పండ్లరసం కూడా ద్రాక్షరసమే. 'ద్రాక్షాసవం' అంటే ఆయుర్వేదపు కొట్టులో గోధుమరంగు సీసా కంటికి కనిపిస్తుంది, వెంటనే అరకప్పు చొప్పున భోజనానంతరం అని చేతివ్రాత కూడా. పోనీ, వైన్ అనే ఉంచుదామా? మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న కొట్టులో వైను తప్ప తక్కినవన్నీ దొరుకుతాయి. ఆ బోర్డు చూచి తల ప్రక్కకు త్రిప్పుకొని నడవడం ఆడపిల్లలకు చిన్ననాడే నేర్పుతారు. ఇక సారా అనే మాట మా యింట ఉచ్చరించేవారే కాదు. మా అమ్మ "ఆ మాట" అనేది.

కరపత్రం మాత్రం ఏ సంకోచమూ లేకుండా సాగిపోయింది. తురిన్ నగరంలో దిగడం, అక్కడి నుంచి లాంగె అనే కొండసీమలోని ఆల్బా పట్టణం. మంచు పట్టిన ఉదయాన నెబ్బియోలో తోటలలో నడక. నెబ్బియా అంటే వారి భాషలో పొగమంచు, దాని వల్లనే ఆ ద్రాక్షకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. మధ్యాహ్నం గ్రుడ్డుసొనలు దండిగా కలిపి సన్నగా కోసిన తాజరిన్ అనే పిండివంట. వెల్లుల్లి, ఉప్పుచేప నూనెలో కరగించి, వేడివేడిగా కూరగాయముక్కలు ముంచుకు తినే బాన్యా కౌదా. శరత్కాలంలో వెళితే భూమిలోంచి కుక్కల చేత వాసన పట్టించి తీసే తెల్లని పుట్టగొడుగుల సంత. నేలమాళిగలలో పీపాల మధ్య రుచి చూడడం. ఆ రుచి చూడడమైనా, పుక్కిలించి, నిదానంగా, ఒక పాత్రలో ఉమ్మివేయాలట! యీ వాక్యాన్ని తెలుగు చేయడానికి నాకొక పూట పట్టింది. డబ్బిచ్చి కొన్నదానిని ఉమ్మివేయడమనేది మా కాలనీలో ఎవరికి చెప్పినా నమ్మరు.

తినడానికీ తిరగడానికీ పోవడం మనకు క్రొత్త సంగతి కాదు. 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో చేసినది ఇదే కదా! రూక చెల్లించి పూటకూళ్లయింట భోజనం చేసి, వీధివీధినా ఆగి, వింతలు చూచి, వ్యాఖ్యానాలు చేసుకుంటూ ఒక రోజంతా గడిపారు. శ్రీనాథుని పేర వ్యాప్తిలో ఉన్న చాటువులలో పల్నాటి జొన్నకూటిని గూర్చిన నిష్ఠూరాలు కూడా ఒక విధమైన భోజనయాత్రా సాహిత్యమే, కాకుంటే ఆయన అక్కడికి విహారానికి పోయినట్లు లేదు.

నన్ను ఆకర్షించినది ఆ తిండి కాదు, ఆ పేర్లు. ఆ సీమలో సీసా మీద ముందుగా కనిపించేది ఊరి పేరు. బరోలో ఒక ఊరు. ఆ ఊరూ, దాని చుట్టుపట్ల ఊళ్లూ కలిపి పదకొండింటిలో, నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే చేసి, కనీసం ముప్పయి ఎనిమిది నెలలు, అందులో పద్దెనిమిది నెలలు కొయ్యపీపాలో నిలువ ఉంచితేనే ఆ పేరు పెట్టుకోవాలి. సీసా మెడకు ప్రభుత్వపు అంకె వేసిన సన్నని కాగితపు పట్టీ అతికి ఉంటుంది. యీ పద్ధతికి మూలం చాలా పాతది. కియాంటీ సీమకు 1716లోనే తస్కనీ ప్రభువు మూడవ కోసిమో పొలిమేరలు నిర్ణయించాడు. ఇటలీ ప్రభుత్వం పుట్టుకచోటును చట్టంలోకి ఎక్కించినది 1963లో, అందులోనూ పై తరగతి ముద్రను కొన్నింటికి ఇచ్చినది 1980లో.

అయితే ఆ కొండలు ఎల్లకాలం విహారభూములు కావు. ఆల్బాలో పుట్టిన బెప్పె ఫెనోల్యో 1954లో ప్రచురించిన 'లా మలోరా' అనే చిన్న నవల అదే లాంగె సీమలో పరుల పొలంలో పాలేరుగా కుదిరిన ఒక కుర్రవాని ఆకలి కథ. తస్కనీలోనైతే పంటలో సగం భూస్వామికి కొలిచి యిచ్చే పాలికాపులు, యుద్ధానంతరం ఇండ్లకు ఇండ్లు విడిచి పట్టణపు కర్మాగారాలకు తరలిపోయారు. అలా పాడుపడిన రాతియిండ్లే నేడు అతిథిగృహాలు. రైతు తన యింట అతిథులను ఉంచుకొని, తన పంటనే వండిపెట్టి సంపాదించుకొనడానికి వీలిస్తూ 1985లో అక్కడ చట్టం వచ్చింది. కరపత్రంలోని "మోటుదనపు మనోహరత్వం" వెనుక ఇంత కథ ఉన్నది. కరపత్రాలు ఆ కథ చెప్పవు, చెప్పవలసిన పని కూడా వాటికి లేదనుకోండి.

అవి చెప్పని కథ మరొకటి ఉన్నది. ఏదో మాటకు అర్థం వెదుకుతూ ఉండగా అది నా కంటబడింది. 1986 మార్చిలో ఇటలీలో వైను త్రాగినవారు చనిపోసాగారు. కొందరు వ్యాపారులు చవుకబారు వైనుకు బలం ఎక్కించడానికి అందులో మిథైల్ ఆల్కహాలు కలిపారు. కలిపినచోటు ఎక్కడనుకున్నారు? ఆ లాంగె సీమలోనే. ఇరవైమందికి పైగా మరణించారు, మరికొందరికి చూపు పోయింది. ఎగుమతులు కుప్పకూలాయి. అదే మార్చిలో రోమునగరపు నడిబొడ్డున ఒక అమెరికన్ తినుబండారాల దుకాణం వెలిసింది. దానిని వ్యతిరేకించినవారిలో లాంగె ముంగిట ఉన్న బ్రా పట్టణపు కార్లో పెత్రీనీ ఒకడు. నిదానంగా తినడాన్ని ఒక ఉద్యమంగా మార్చి, 1989లో పారిస్‌లో దానికి అంతర్జాతీయ రూపమిచ్చింది ఆయనా, ఆయన మిత్రులూ. విషం కలిసిన సీమే, ఎవరి తోటదో ఎవరు చేసినదో తెలియని వైనును ఇక త్రాగరాదన్న పట్టుదలకు వచ్చింది. 1992లో పుట్టుకచోటు చట్టాన్ని బిగించారు. 2014లో ఆ తోటలు యునెస్కోవారి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి.

మిథైల్ ఆల్కహాలు అన్న మాట చదవగానే నాకు ఫిట్టరు మామయ్య గుర్తుకు వచ్చారు.

ఆయన మా బంధువు కారు. నాన్నగారితోబాటు లోకోషెడ్డులో పనిచేసేవారు, వారిదీ శ్రీకాకుళం వైపే, అందుచేత మామయ్య. దసరాకు మా కాలనీ నాటకాలలో కృష్ణుని వేషం ఆయనదే. నేను ఎనిమిదవ తరగతిలో ఉండగా ఒక జీతాల రోజు రాత్రి షిఫ్టు దిగి, తోటివారితో ఎక్కడో త్రాగి వచ్చారు. మర్నాడు కడుపునొప్పి. ఆ పై ఉదయం "ఇంకా తెల్లవారలేదా?" అని అత్తయ్యనడిగారట. అప్పటికి ప్రొద్దు బారెడెక్కింది. మిథైల్ ఆల్కహాలు ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాల్చివేస్తుందని నాకు తెలిసినది ఎన్నో ఏండ్లకు. ఆ రోజుల్లో కాలనీ యావత్తూ చెప్పుకొన్న మాట ఒక్కటే: "ఇప్పసారా త్రాగి కళ్లు పోగొట్టుకున్నాడు."

ఇప్పచెట్టును నేను దగ్గరగా చూచినది మాత్రం మొన్న ఫాల్గుణం చివరలోనే. అచానక్‌మార్ అడవి వైపు ఒక పల్లెలో బడిపంతులమ్మగా ఉన్న స్నేహితురాలు రమ్మన్నది. తెల్లవారుజామున ఆమె వెంట వెళ్లాను. చెట్టు క్రింద నేల శుభ్రంగా ఊడ్చి, ఎండుటాకులు కాల్చి ఉంచారు. పాలరంగు పూలు, గోలీకాయలంత లావున, టప్పుటప్పున రాలుతున్నాయి. ఆడవారూ పిల్లలూ బుట్టలతో ఏరుతున్నారు. ఎలుగుబంట్లకూ అదే ప్రీతి గనుక చీకటుండగానే ఒంటరిగా రారు. ఏ చెట్టు ఏ యింటిదో ఊరందరికీ ఎరుకే. ఏ చెట్టు పూవు ఎక్కువ తీపో కూడా చెప్పారు. బరోలోలో మార్గదర్శి చెప్పేది మాత్రం ఇంతకంటె వేరా?

ఆ పూట భోజనం చద్దన్నం, వారి భాషలో బాసీ. ఉల్లిపాయ, చింతచిగురు పచ్చడి. మా నాయనమ్మ పెట్టినదానికీ దానికీ పచ్చిమిరపకాయ కారంలో తప్ప భేదం లేదు. బియ్యప్పిండితో చీలా పోశారు, అది మన అట్టే. నిప్పులపై ఆకుల మధ్య కాల్చిన అంగాకర్ రొట్టె, వేయించిన ఇప్పపూలను నువ్వులతో దంచిన ఉండలు. ఆపైన ఎండుపూలను నానవేసి పులియబెట్టిన కుండలు చూపించారు. పొయ్యి మీద కుండ, దానిపై చల్లని నీళ్ల పాత్ర, ఆ నీరు వేడెక్కినప్పుడల్లా మార్చడం. దిగిన మొదటి చుక్కలు దేవునికి. పుట్టుకకూ పెండ్లికీ చావుకూ అది ఉండితీరాలి. కాళిదాసు పార్వతిని పెండ్లికూతురుగా అలంకరించేటప్పుడు గరికతో కలిపి కట్టిన మధూకమాలను ఆమె సిగలో పెట్టాడు. ఆ మధూకమే యీ ఇప్ప.

తెల్లదొరలకు యీ చెట్టు మీద ఎందుకంత కోపమో గాని, బొంబాయి రాజధానిలో పూలు ఏరడాన్నీ నిలువచేయడాన్నీ కట్టడి చేస్తూ 1892లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. ఎందుకంటే, ఎవరి పెరట్లో వారు చేసుకొనే పానీయం మీద సుంకం రాదు. నేటికీ ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులు తమ యింటి వాడకానికి కొద్దిపాటి చేసుకోవచ్చును, అమ్ముకోరాదు. అమ్మకం సర్కారు దుకాణాలలో. 2017 నుంచి ఇక్కడ మద్యం చిల్లర వ్యాపారం ప్రభుత్వానిదే. చేసేవానికి పేరు పెట్టుకొనే హక్కు లేదు, పేరు లేనిదానికి ఎవరూ పూచీ పడరు. ఆ చీకట్లోకి వచ్చి కూర్చున్నది ప్లాస్టిక్ సంచిలోని కర్మాగారపు విషం. తమిళనాడు కళ్లకురిచ్చిలో 2024 జూన్‌లో అరవైమందికి పైగా ప్రాణాలు తీసినది కూడా అటువంటి మిథైల్ ఆల్కహాలే.

ఇప్పుడిప్పుడే కొంత కదలిక ఉన్నది. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వపు మద్యంగా గుర్తిస్తామని ప్రకటించింది, తరువాత అలీరాజ్‌పూర్ గిరిజన మహిళలు చేసిన సీసా ఒకటి బజారుకు వచ్చింది. ఉట్నూరు వైపు ఆదివాసీ స్త్రీలు మద్యం జోలికి పోకుండా ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

యీ వ్యాసం మా అమ్మ చదివితే ఏమంటుందో నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకొట్టు మూయించిన స్త్రీలు కూడా అదే అంటారు. సీసాకు ఊరి పేరు పెడితే దెబ్బలు తగ్గుతాయా? ప్రభుత్వమే వారుణివాహిని అని చక్కని సంస్కృతం పేరు పెట్టి సారాను ఊరూరా పారించిన రోజులు వారు చూచినవారు. 1993లో సారాను, 1995లో మద్యమంతటినీ నిషేధింపజేసుకున్నారు. 1997లో నిషేధం ఎత్తివేయబడింది. వారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తన పొలం పేరు సీసాకెక్కిన ఇటలీవాడు ఇంటికి పోయి ఎలా ఉంటాడో కరపత్రంలో వ్రాయలేదు.

చివరకు నేను 'ద్రాక్షాసవం' అనే వ్రాశాను. సంస్థవారు దానిని కొట్టివేసి అన్నిచోట్లా వైన్ అని అచ్చువేసుకున్నారు. డబ్బు మాత్రం సకాలంలోనే పంపారు.

ఆ వారం బుధవారీ బజారులో ఎండిన ఇప్పపూలు అరకిలో కొని, పంతులమ్మ చెప్పిన ప్రకారం వేయించి, నువ్వులు, బెల్లం కలిపి దంచి ఉండలు చేశాను. నాలుగు డబ్బాలో పెట్టుకొని తోర్వాలో కొడుకు దగ్గర ఉంటున్న ఫిట్టరు మామయ్య ఇంటికి వెళ్లాను. ఎనభై దాటాయి. గొంతు విని గుర్తుపట్టి, చేయి చాచారు. ఉండను ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు వాసన చూచారు.

"ఇప్పపువ్వు గదమ్మా ఇది," అన్నారు. "నేనానాడు తాగిన దాంట్లో ఈ వాసనే లేదు."

అత్తయ్య మంచినీళ్లు తెచ్చింది. ఆయన రెండవది కూడా అడిగి తీసుకున్నారు.