ఇల్లూ వాకిలీ: సందు మూయాలి, బిగించకూడదు



ఈ శీర్షికలో ఇంతకుముందు ఇంటికప్పు గురించి, వాననీటి గొట్టాల గురించి, బేస్‌మెంట్‌లో చెమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి గడప దాటి వాకిట్లోకి వద్దాం. వాకిలి అంటే ఈ దేశంలో డ్రైవ్‌వేయే కదా! అక్కడే పండగకి ముగ్గు వేస్తాం, అక్కడే కాకరపువ్వొత్తులు వెలిగిస్తాం. ఇవాళ నేను చెప్పబోయేది ఆ డ్రైవ్‌వేలో కాంక్రీటు పలకకీ పలకకీ మధ్య, పలకకీ గరాజ్‌కీ మధ్య ఉండే అర అంగుళం సందు గురించి. "అర అంగుళానికి ఇంత వ్యాసమా మాస్టారూ?" అని నవ్వకండి. ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి చలి రాష్ట్రాల్లో వేల డాలర్ల ఖర్చు చాలాసార్లు ఆ అర అంగుళంలోంచే మొదలవుతుంది.

ముందు అసలు ఆ సందు ఎందుకు వదిలారో చూద్దాం. మన ఊళ్ళలో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. కమ్మరి ఆ పట్టాని చక్రం కంటే ఒకింత చిన్నదిగా చేసి, మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, పైన నీళ్ళు కుమ్మరించేవాడు. వేడికి సాగిన ఇనుము చల్లారి చక్రాన్ని గట్టిగా పట్టుకునేది. పాతకాలపు రైలు పట్టాల మధ్య జాగా వదిలింది కూడా అందుకే. రాత్రి ప్రయాణంలో మనల్ని నిద్రపుచ్చిన టకటక శబ్దం ఆ జాగాలదే.

కాంక్రీటు రాయిలా కనిపిస్తుంది గాని అదీ సాగుతుంది, ముడుచుకుంటుంది. 20 అడుగుల పొడవున్న పలక వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మేర మారితే, దాని పొడవు దాదాపు 1/8 అంగుళం మారుతుంది. జనవరి తెల్లవారుజాముకీ, జులై మధ్యాహ్నపు ఎండకీ మధ్య ఇక్కడి పలకలు ఆ మాత్రం తేడా చూస్తూనే ఉంటాయి. 1/8 అంగుళం తక్కువే అనిపిస్తుంది. కాని సాగుతున్న పలకకి ఎదురుగా గరాజ్ గోడ అడ్డు నిలిస్తే, పలకో గోడో ఒకటి దెబ్బతినక తప్పదు. అందుకని కట్టినవాళ్ళు మధ్యలో జాగా వదిలి, అందులో తారు పట్టించిన అట్ట నిలబెడతారు. పాత ఇళ్ళలో అట్టకి బదులు చెక్క పట్టీ ఉంటుంది. దీన్నే ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటారు.

డ్రైవ్‌వే మీద 10 అడుగులకొకటి చొప్పున కనిపించే సన్నగీతలు వేరు. వాటిది కంట్రోల్ జాయింట్ అన్న పేరు. పోసిన కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగలక మానదు. ఆ పగులు అడ్డదిడ్డంగా రాకుండా, పలక మందంలో నాలుగో వంతు లోతున గీత కోసి, "పగలాలంటే ఇక్కడే పగులు" అని ముందే దారి చూపిస్తారు. 4 అంగుళాల పలకకి 1 అంగుళం గీత అన్నమాట. మన ముఖ్యమైన పని ఎక్స్‌పాన్షన్ జాయింట్‌తోనే. కంట్రోల్ జాయింట్ కింద పగులు విచ్చుకుని నీళ్ళు తాగుతుంటే దాన్నీ ఇదే పద్ధతిలో మూయవచ్చు.

అట్ట గాని చెక్క గాని పదిహేను ఇరవయ్యేళ్ళకి ఎండి, చివికి, ముక్కలుగా లేచిపోతుంది. అప్పుడు ఆ సందులోకి ఇద్దరు శత్రువులు దిగుతారు.

మొదటివాడు నీరు. వాననీరు ఆ సందులోంచి దిగి పలక కింది మట్టిని మెల్లగా కోసుకుపోతుంది. కింద గుల్లయిన చోట కారు బరువుకి పలక కుంగుతుంది. గరాజ్ వైపు కుంగిందంటే వాలు తిరగబడి, నీళ్ళన్నీ వీధిలోకి పోకుండా ఇంటి పునాది వైపు నడుస్తాయి. ఆ తరువాత కథ బేస్‌మెంట్‌లో చూడవలసిందే. ఇక చలికాలంలో నీరు గడ్డ కడితే దాని పరిమాణం 9 శాతం పెరుగుతుంది. పైగా ఒండ్రుమన్ను లాంటి సన్నని నేలలో గడ్డకట్టే చోటు కింది చెమ్మని పైకి లాక్కుంటుంది. పొరలు పొరలుగా మంచు పేరుకుని పలకని ఎత్తేస్తుంది. వసంతంలో అది కరిగాక పలక మళ్ళీ పాత చోట సరిగ్గా కూర్చుంటుందన్న హామీ లేదు.

రెండోవాడు రాయి. ఖాళీ సందులో ఇసుక, గులకరాళ్ళు చేరతాయి. చలికి పలకలు ముడుచుకుని సందు వెడల్పయినప్పుడు ఇంకా కిందికి జారతాయి. వేసవిలో పలకలు సాగి దగ్గరికి వచ్చేసరికి ఆ రాళ్ళు మధ్యలో ఇరుక్కుంటాయి. రాయి నలగదు, పలక అంచు పెచ్చులూడుతుంది. చాలా డ్రైవ్‌వేల అంచులు కొరికినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

డబ్బు సంగతి అలా ఉంచండి. వేసవిలో మన అమ్మానాన్నలు వస్తారు. పొద్దున్నే చెప్పులేసుకుని నడకకి బయలుదేరతారు. మన మిత్రుడొకరి ఇంట్లో, కుంగిన పలక పక్కన ముప్పావు అంగుళం అంచు లేచి ఉంది. రోజూ కారులో వెళ్ళేవాళ్ళ కాలికి అది తగలలేదు. ఊరినుంచి వచ్చిన పిన్నిగారి కాలికి మూడోరోజే తగిలింది, మణికట్టు విరిగింది. నేను చూడ్డానికి వెళితే, "ఏం నాయనా, అమెరికాలో కూడా గతుకులుంటాయని ఒక్కరూ చెప్పలేదేం?" అని ఆవిడ నవ్వారు. ఆ కొడుకు మాత్రం నవ్వలేకపోయాడు. వికలాంగుల కోసం ఈ దేశంలో బహిరంగ స్థలాలకి పెట్టిన ప్రమాణాల ప్రకారం, నడిచే దారిలో నిటారుగా 1/4 అంగుళానికి మించి మెట్టు ఉండకూడదు. అంతకు మించితే, అర అంగుళం దాకా అంచుని ఏటవాలుగా చెక్కాలి. మన ఇళ్ళకి ఆ నియమం వర్తించదు గాని, పెద్దవాళ్ళ కాళ్ళకి మాత్రం వర్తిస్తుంది. నాలుగు క్వార్టర్ నాణేలు ఒకదానిమీద ఒకటి పేర్చి అంచు పక్కన పెట్టి చూడండి. అంచు నాణేల కంటే ఎత్తుగా ఉంటే అది ప్రమాదమే.

సందు కనబడగానే మనవాళ్ళకి వచ్చే మొదటి ఆలోచన, "కాస్త సిమెంటు కలిపి పూడ్చేస్తే పోదూ!" అని. దయచేసి ఆ పని చేయకండి. గట్టిపడిన సిమెంటు ఒక పెద్ద గులకరాయితో సమానం. పలక కదలడానికని వదిలిన జాగాని బిగించేసినట్టవుతుంది. మొదటి చలికే అది అంచు వదిలి విడిపోతుంది, లేదా ఎండాకాలంలో పలకనే పెచ్చులు రేపుతుంది. నల్లటి తారు పోసేవాళ్ళూ ఉన్నారు. అది తారు డ్రైవ్‌వేలకి సంబంధించిన సరుకు. పైగా తరువాత మంచి సీలెంట్ వేద్దామంటే ఆ తారు మరక మీద అది అంటుకోదు. ఇక్కడ కావలసింది నీటిని రానివ్వకుండా, పలకతోపాటు సాగుతూ ముడుచుకుంటూ ఉండే పదార్థం. దుకాణంలో "పాలీయూరిథేన్, కాంక్రీటు జాయింట్ సీలెంట్" అని అడిగి తీసుకోండి. అందులో రెండు రకాలున్నాయి. సమతలంగా ఉన్న చోటికి సెల్ఫ్ లెవెలింగ్ రకం. దోసెపిండిలా తనంతట తానే పరుచుకుంటుంది. వాలుగా దిగే సందుకి నాన్ సాగ్ రకం. మొదటిది వాలులో పోస్తే అంతా కిందికి జారి గుమ్మటంలా పేరుకుంటుంది.

ఇక పని క్రమం.

పాత అట్ట చివికి ఉంటే స్క్రూడ్రైవర్‌తో, పుట్టీ కత్తితో పెకలించి తీసేయండి. అడుగున గట్టిగా ఉంటే పైనున్న ఒక అంగుళం మేర తీస్తే చాలు. గడ్డిని వేళ్ళతో సహా లాగండి. సందు రెండు పక్కల గోడల్ని వైర్ బ్రష్‌తో తెల్లటి కాంక్రీటు కనిపించేదాకా రుద్దండి. తరువాత షాప్ వ్యాక్‌తో దుమ్మంతా లాగేయండి. ఈ పనిలో మూడొంతులు శుభ్రం చేయడమే. దుమ్ముకి అంటుకున్న సీలెంట్ దుమ్ముతోనే ఊడివస్తుంది. నీళ్ళతో కడిగితే పూర్తిగా ఆరేదాకా ఒకటి రెండు రోజులు ఆగండి.

తరువాత బ్యాకర్ రాడ్. పేరు రాడ్ అయినా అది మెత్తటి నురగ తాడు. సందు కంటే 1/8 అంగుళం లావుది తీసుకోవాలి. అర అంగుళం సందుకి 5/8 అంగుళం తాడు. దాన్ని చిరగనివ్వకుండా, పైనుంచి 3/8 అంగుళం లోతున సమంగా ఉండేలా మొద్దు పరికరంతో నొక్కండి. ఈ తాడు ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, ఖరీదైన సీలెంట్ పాతాళంలోకి పోకుండా ఆపుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. సీలెంట్ కుడి ఎడమ గోడలకి మాత్రమే అంటుకోవాలి. అడుగున కూడా అంటుకుంటే మూడు వైపులా కట్టేసినట్టయి, సాగలేక మధ్యలో చిరుగుతుంది. నురగ తాడుకి సీలెంట్ గట్టిగా పట్టదు గనక ఆ బాధ ఉండదు.

సెల్ఫ్ లెవెలింగ్ రకానికి గుండుసూది రంధ్రం చాలు, అంతా కారిపోవడానికి. తాడు చివరల్లో, వంకరల్లో మిగిలిన సందుల్ని కాస్త పొడి ఇసుకతో మూయండి. అప్పుడు కాకింగ్ గన్‌తో 1/4 అంగుళం మందాన సీలెంట్ నింపండి. పైన 1/8 అంగుళం ఖాళీ మిగలాలి. అంచుదాకా నింపితే వేసవిలో పైకి ఉబ్బి కారు చక్రాలకి తగులుతుంది.

ఎంత కొనాలి? 10 ఔన్సుల చిన్న గొట్టం, అర అంగుళం వెడల్పు, 1/4 అంగుళం మందం లెక్కన దాదాపు 12 అడుగులకి వస్తుంది. 29 ఔన్సుల పెద్ద గొట్టం 35 అడుగుల దాకా వస్తుంది. లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంటుంది గాని సందు సరిగ్గా ఉండదు. కాబట్టి 12కి 10 అనీ, 35కి 30 అనీ అనుకోండి. రెండు కార్ల గరాజ్ ముందు 20 అడుగుల సందుకి చిన్న గొట్టాలు రెండు. మొత్తం సామాను ఖర్చు కుటుంబమంతా ఒకసారి హోటల్లో భోంచేసినంత అవుతుంది. పలక తీసి కొత్తది పోయించడంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

చేతికి తొడుగులు తప్పనిసరి. ఇది చర్మానికి అంటితే సబ్బుకి వదలదు, వాసన పీల్చడమూ మంచిది కాదు. పిల్లల్ని దూరంగా ఉంచండి. పనిముట్లకి అంటినదాన్ని తడిగా ఉండగానే మినరల్ స్పిరిట్స్‌తో తుడవండి.

ఎప్పుడు చేయాలంటారా? వసంతం గాని, ఇదిగో ఈ శరదృతువు గాని. మండువేసవిలో సందు బాగా ఇరుకై ఉంటుంది, గడ్డచలిలో బాగా వెడల్పై ఉంటుంది. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్నప్పుడు నింపితే సీలెంట్ రెండు వైపులా సమంగా శ్రమపడుతుంది. వాతావరణం 50 డిగ్రీల పైన ఉండి, వాన సూచన లేని రోజు చూసుకోండి. కొత్తగా పోసిన కాంక్రీటైతే 28 రోజులు ఆగాలి. నింపాక పైపొర ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. కారు ఎక్కించడానికి కొన్ని రోజులు పడుతుంది, గొట్టం మీద రాసిన గడువుని పాటించండి. దీపావళికి అతిథులు వచ్చేలోపల కనీసం ఒక వారం ఉండేలా చూసుకుంటే మంచిది. ఆరని సీలెంట్ పట్టుచీర అంచుకి అంటిందంటే, ఆ తరువాత మీ ఇంట్లో జరిగే సంభాషణకి నా దగ్గర మందు లేదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఇప్పటికే కుంగిన పలకని సీలెంట్ పైకి లేపదు. దాన్ని కిందనుంచి మట్టి, సిమెంటు కలిపిన ముద్దతో గాని, నురగతో గాని పైకి లేపేవాళ్ళున్నారు. ముందు ఆ పని, తరువాత ఈ పని. కప్పు మీది వాన గొట్టం డ్రైవ్‌వే పక్కనే నీళ్ళు వదులుతుంటే, ముందు దాని మూతి దూరంగా తిప్పండి. లేకపోతే ఎంత మూసినా పక్కనుంచి కిందికి నీళ్ళు వెళుతూనే ఉంటాయి.

చేసిన పనిని ఏటా ఒకసారి చూసుకోండి. ఎక్కడైనా అంచు వదిలితే ఆ ముక్క వరకు కోసి తీసి, శుభ్రం చేసి మళ్ళీ నింపితే సరిపోతుంది. మీ ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే ఒక శనివారం వాళ్ళ చేతికి వైర్ బ్రష్ ఇవ్వండి. ఆ పిల్లలు నేర్చుకుంటారు, మీ నడుము మిగులుతుంది. వచ్చే వేసవిలో ఊరినుంచి వచ్చే పెద్దలు నిశ్చింతగా నడుస్తారు.

ఉగాది సంచికలో గరాజ్ తలుపు స్ప్రింగు గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.