ఏసీ వేసింది నేనే, సరే. మరి ఆ పద్దెనిమిది ఎవరు వేశారు?

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, హనుమంతవాక సిగ్నల్ దగ్గర మావారు కారు ఏసీ ఆపేశారు. వెనక సీట్లో అత్తయ్యగారు, పక్కన పిల్ల. విశాఖ మే నెల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఎండ కంటే ఉక్క చంపుతుంది. ఎందుకండీ ఆపారంటే, "నీ ఏసీ వల్లే మైలేజీ పడిపోతోంది" అన్నారు.

నా ఏసీ! కొన్నది ఆయన, నడిపేది ఆయన, పెట్రోలు తాగేది ఆ ఇంజను. ఏసీ మాత్రం నాది.

ఆ మాట ఆ రోజుకి మింగేశాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ రాత. కారు పేరు చెప్పను, ఏ కంపెనీదైనా కథ ఇదే. ఏడు సీట్లు, ఒకటిన్నర లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, నూట అరవై గుర్రాల బలం. షోరూములో ఆ అబ్బాయి మావారికి గుర్రాల గురించి, నాకు రంగుల గురించి చెప్పాడు. "మేడమ్, డిక్కీలో మీ సూట్‌కేసులు ఎన్నైనా పడతాయి" అన్నాడు. మైలేజీ ఎంత అని నేను అడిగితే, జవాబు మాత్రం మావారి వైపు తిరిగి చెప్పాడు: "సర్, పద్దెనిమిది."

ఆ పద్దెనిమిదిని నమ్ముకుని మావారు ఇంట్లో లెక్క వేశారు. మా పాత చిన్న కారు పదిహేను ఇచ్చేది. కొత్తది పద్దెనిమిదంటే, ఈఎంఐ పెరిగినా పెట్రోలు తగ్గుతుంది కదా అని. కాగితం మీద ముచ్చటగానే ఉంది.

మా ఇల్లు మధురవాడ, ఆయన ఆఫీసు గాజువాక. పోనూ రానూ యాభై నాలుగు కిలోమీటర్లు. ఎండాడ దాటాక హనుమంతవాక, వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం, గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్.ఏ.డి., ఆ తర్వాత షీలానగర్ వైపు పోర్టు లారీలు. అదంతా ప్రయాణం అనుకుంటాం గానీ సగం సేపు నిలబడటమే. నిలబడ్డ బండికి మైలేజీ సున్నా. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటరు కదలదు.

గ్యాసు సిలిండరు మార్చిన తేదీని క్యాలెండరు మీద రాసుకోవడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. 14.2 కిలోల గ్యాసు ఎన్నాళ్ళొచ్చిందో, చుట్టాలొచ్చిన నెలలో ఎన్ని రోజులు తగ్గిందో చెప్పగలను. ఆ అలవాటునే కారుకీ పెట్టాను. బంకులో గన్ దానంతట అది ఆగేదాకా ట్యాంకు నింపించడం, ట్రిప్ మీటరు సున్నా చేయడం, మళ్ళీ అదే బంకులో అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించడం. ఇంతే. దీనికి బీటెక్ అక్కర్లేదు, తెలుగు బీఏ చాలు.

నాలుగు నెలల లెక్క: ఊళ్ళో పదికి అటూ ఇటూ. కారు తెర మీద మాత్రం పదకొండున్నర అని చూపిస్తుంది, అదో మర్యాద. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు హైవే మీద నిదానంగా తోలితే పదిహేను వచ్చింది. పద్దెనిమిది ఒక్కసారీ రాలేదు. ఏసీ ఆపి తోలిన ఆ పౌరుషపు వారంలో కూడా పదకొండు దాటలేదు. పద్దెనిమిదికీ పదికీ మధ్య ఎనిమిది కిలోమీటర్లుంటే, అందులో నా ఏసీ వాటా ఒక్కటి. మిగిలిన ఏడూ ఎవరివి?

అందుకని ఆ పద్దెనిమిది ఎక్కడ పుట్టిందో వెతికాను. ఈ పరీక్ష రోడ్డు మీద జరగదు. గదిలో, రోలర్ల మీద బండిని నిలబెట్టి చక్రాలు తిప్పుతారు. పరీక్ష మొత్తం ఇరవై నిమిషాలు, దూరం పదకొండు కిలోమీటర్ల లోపు. గరిష్ఠ వేగం 90. ఏసీ ఆపి ఉంటుంది. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చిందేమిటంటే, ఊరి ప్రయాణాన్ని పోలిన భాగంలో బండి సున్నా నుంచి యాభైకి చేరడానికి ఇరవై ఆరు సెకన్లు తీసుకుంటుంది. ఇరవై ఆరు! మద్దిలపాలెం డిపోలోంచి బయటికొచ్చే ఆర్టీసీ బస్సు కూడా అంతకంటే చురుగ్గా కదులుతుంది.

ఇక్కడే నా అసలు గొడవ. ప్రకటనలో ఒక పక్క గుర్రాలు దౌడు తీస్తుంటాయి, వందకి ఎన్ని సెకన్లలో చేరుతుందో గొప్పగా చెబుతారు. అదే కాగితం మీద ఇంకో పక్క మైలేజీ. మొదటిది పెడల్ నేలకి తొక్కితే వచ్చేది, రెండోది గుడ్లబుట్ట నెత్తిన పెట్టుకున్నట్టు తోలితే వచ్చేది. రెండూ ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే రోజు ఇస్తాయన్నట్టు పక్కపక్కన అచ్చువేస్తారు. టర్బో ఇంజను గుణమే అది. మెల్లగా పోతే పొదుపు, కాలు నొక్కితే గాలి ఎక్కువ తోసి పెట్రోలూ ఎక్కువ పోస్తుంది. పైగా పెద్ద బండి బరువు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆ బరువుని కదిలించి, మళ్ళీ బ్రేకుతో ఆ ఖర్చంతా వేడిగా వదిలేయాలి.

మేం చదువుకున్న అలంకారశాస్త్రంలో అతిశయోక్తి ఉంది. మేడలు చంద్రుణ్ణి తాకాయని కవి అంటే, అది నిజం కాదని ఆయనకీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అందుకే అది అందం. కంపెనీవాడి పద్దెనిమిది అలాంటిది కాదు. వాడికి తెలుసు, మనకి తెలీదు. దాన్ని ఏమంటారో మా మాస్టారు చెప్పలేదు గానీ కూరగాయల బజారులో చెబుతారు.

"అన్ని దేశాల్లోనూ ఇంతే" అన్నారు మావారు. ఇంతే కాదు. అమెరికాలో కారు అద్దం మీద అంటించే కాగితంలో ఊరికి వేరు, హైవేకి వేరు మైలేజీ రాయాలి. 2008 మోడల్ బళ్ళ నుంచి ఏసీ వేసి చేసే పరీక్షని కూడా ఆ లెక్కలో కలిపారు. యూరప్‌లో కొత్త కార్లలోనే ఇంధనం ఖర్చు నమోదు చేసే మీటరు పెట్టించారు. 2021 బళ్ళ లెక్కలు తీస్తే, చెప్పినదానికంటే పెట్రోలు కార్లు దాదాపు 24 శాతం, డీజిల్ కార్లు 18 శాతం ఎక్కువ తాగుతున్నాయని వాళ్ళ ప్రభుత్వమే 2024లో బయటపెట్టింది. అక్కడా తేడా ఉంది, కానీ ఆ తేడా ఎంతో చెబుతున్నారు. మా ఇంట్లో చెప్పినదానికంటే ఎనభై శాతం ఎక్కువ తాగింది. ఆ ఎనభై శాతానికి జవాబుదారీ, పక్క సీట్లో కూర్చున్న నేను.

పెట్రోలు సంగతీ చెప్పాలి. ఇప్పుడు బంకులో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాలలో నీళ్ళు కలిపితే పాలవాణ్ణి నిలదీస్తాం, ధరైనా తగ్గించమంటాం. ఇక్కడ ధర తగ్గిందేమీ లేదు. 1957 నుంచి రిఫైనరీ మన ఊళ్ళోనే ఉంది, మల్కాపురం వాసన పీల్చేది మనమే. అయినా 31 శాతం వ్యాటు, ఆపైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు కలిపి దేశంలో పెట్రోలు ఖరీదైన చోట్లలో మనమొకరం. మా పిన్నిగారి అబ్బాయి కాకినాడ నుంచి యానాం వెళ్ళినప్పుడల్లా ట్యాంకు నింపుకునే వస్తాడు.

సరే, నెలకి పదమూడు వందల కిలోమీటర్లు వేసుకోండి. పద్దెనిమిది చొప్పున డెబ్బై రెండు లీటర్లు. పది చొప్పున నూట ముప్ఫై. తేడా యాభై ఎనిమిది లీటర్లు, అంటే ఆరువేల పైచిలుకు. ఆ ఆరువేలూ ఎక్కడి నుంచి వచ్చాయో మావారికి తెలీదు, నాకు తెలుసు. అంట్లు తోమే అమ్మాయిని మాన్పించి నేనే తోముకుంటున్నాను. పిల్ల వీణ క్లాసు "పరీక్షలయ్యాక చూద్దాం" అయింది. పరీక్షలు అయిపోయాయి. వీణ గవుసెనలోనే ఉంది.

మావారి వాదన కూడా న్యాయంగా రాస్తాను. "ఏడుగురం ఎక్కి అరకు ఘాట్‌లో లారీని దాటాలంటే బలం ఉండాలి, లేకపోతే ప్రమాదం" అంటారు. నిజమే. అనంతగిరి మలుపుల్లో ఆ బండి దమ్ము చూసి నేనూ ధైర్యంగా కూర్చున్నాను. కానీ అరకు వెళ్ళింది ఏడాదికి రెండుసార్లు. మిగతా మూడు వందల చిల్లర రోజులు నూట అరవై గుర్రాలు ఒక మనిషినీ, ఒక టిఫిన్ క్యారేజీనీ మోసుకుంటూ తాటిచెట్లపాలెంలో నిలబడుతున్నాయి. బలం ఆయన ముచ్చట. ముచ్చట తప్పని నేను అనను, నాకూ పట్టుచీరలున్నాయి. నా చీర ఖర్చు ఆయన షర్టుల మీదకి నెట్టలేదు, అంతే.

కంపెనీలు ఏసీ వేసి, ఊళ్ళో వచ్చే అంకెని పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి. ప్రభుత్వం వేయించాలి. వాళ్ళు వేసేదాకా, షోరూముకి వెళ్ళే అక్కచెల్లెళ్ళు రంగు సంగతి తర్వాత చూసుకుని, ఆ బండే వాడుతున్న ఇద్దరింట్లో ఫుల్ ట్యాంకు లెక్క అడగండి. మగవాళ్ళని కాదు, ఇల్లు నడిపేవాళ్ళని.

నా లెక్క పుస్తకం ఇప్పుడు కారు డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది. మొన్న ఆదివారం బంకులో రసీదు మావారే తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎంతొచ్చింది?" అన్నారు. తొమ్మిదీ పాయింటు ఎనిమిది. ఆయనేమీ అనలేదు, ఏసీ కూడా ఆపలేదు. వీణ మాస్టారి నంబరు నా ఫోన్లోంచి ఆయనకి పంపించాను. ఇంకా ఫోన్ చేయలేదు.