చెరిపి చేసిన నేల

హైదరాబాద్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గోల్కొండ కోటను మోస్తున్న కొండ, ఖాజాగూడ బండలు, నగరంలో పాత కట్టడాల గోడల్లో ఒదిగిన గ్రానైటు, అన్నీ ఇంచుమించు ఆ కాలానివే. ఈ అంకె చదివినవారు ఔరా అనుకుని ముందుకు సాగిపోతారు. అయితే ఆ 250 కోట్లు దేని వయసు? భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన శిల చల్లబడి గట్టిపడిన నాటి నుంచి వేసిన లెక్క అది. ఆ కరిగిన ముద్ద ఎక్కడిది? లోతుల్లోని మాంటిల్ నుంచి అప్పుడే కొత్తగా వచ్చిందా, అంతకుముందే ఉన్న పాత నేల మళ్ళీ కరిగిందా? ఖండాలు ఎప్పుడు, ఎంతెంత చొప్పున సమకూరాయన్న వివాదమంతా ఈ తేడా మీదే నడుస్తోంది.

గట్టిపడిన కాలం చెప్పేది జిర్కాన్. గ్రానైటును పిండి చేసి, బరువును బట్టి వేరుచేస్తే దొరికే సన్నని స్ఫటికం. మన ఉత్తరాంధ్ర తీరపు నల్ల ఇసుకలోనూ ఇల్మెనైటు, గార్నెట్లతో పాటు ఉంటుంది. పుట్టేటప్పుడు అది యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి తరవాత అందులో కనబడే సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించి ఏర్పడినదే. యురేనియం-238లో సగం సీసం కావడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, యురేనియం-235లో సగానికి 70 కోట్ల ఏళ్ళు. ఒకే రేణువులో రెండు లెక్కలన్నమాట. రెండూ కలిస్తే ఆ వయసును నమ్మవచ్చు. కలవకపోతే మధ్యలో ఎప్పుడో సీసం కొంత బయటికి జారిందని తెలుస్తుంది. తన పొరపాటును తానే పట్టించే కొలమానాలు విజ్ఞానశాస్త్రంలోనూ అరుదు.

పదార్థం వయసు చెప్పడం ఇంత తేలిక కాదు. మన ఇళ్ళలో నాయనమ్మ కాసులపేరు చెరిపించి మనవరాలికి గాజులు చేయిస్తారు. గాజులు ఈ ఏటివి. ఆ బంగారం గని దాటి ఎన్నేళ్ళయిందో గాజులను చూస్తే తెలియదు. రాయి సంగతీ అంతే. అయితే రాతిలో ఆ జాడ బొత్తిగా చెరిగిపోదని 1976లో డొనాల్డ్ డిపాలో, జెరాల్డ్ వాసర్‌బర్గ్ నియోడిమియం ఐసోటోపుల సాయంతో చూపించారు. సమేరియం-147 మహా నిదానంగా నియోడిమియం-143గా మారుతుంది. సగం మారడానికే 10,600 కోట్ల ఏళ్ళు కావాలి, అంటే భూమి వయసుకు ఇరవై రెట్లకు పైమాటే. మాంటిల్ కొంత కరిగినప్పుడు సమేరియం కన్నా నియోడిమియమే ఎక్కువ పాలు ద్రవంలోకి చేరుతుంది. ఆ ద్రవం పైకి వచ్చి ఖండపు నేలలో కలిస్తే, ఆ నేలలో నియోడిమియంతో పోలిస్తే సమేరియం పాలు తగ్గుతుంది, వెనక మిగిలిన మాంటిల్‌లో పెరుగుతుంది. అక్కడి నుంచి నియోడిమియం-143 పెరుగుదల నేలలో మందగిస్తుంది. ఎంత వెనకబడిందో కొలిస్తే, ఆ పదార్థం మాంటిల్‌ను ఎప్పుడు విడిచిందో అంచనా కట్టవచ్చు. ఈ రెండు మూలకాలూ స్వభావంలో బాగా దగ్గరివి. అందువల్ల నేల లోపలే ఆ రాయి మళ్ళీ కరిగినా వాటి పాళ్ళు పెద్దగా మారవు. లుటీషియం, హాఫ్నియంల జోడీ కూడా ఇదే పని చేస్తుంది. పైగా హాఫ్నియం జిర్కాన్‌లోనే పుష్కలంగా ఉంటుంది కనక, ఒకే రేణువు తాను పుట్టిన కాలంతో పాటు తన పదార్థపు పాతదనాన్నీ చెబుతుంది.

ఇక్కడే ఒక చిక్కు. కంసాలి ఆ పాత బంగారానికి కొంత కొత్త బంగారం జోడించాడనుకోండి. అప్పుడు తేలే వయసు దేనిది? 330 కోట్ల ఏళ్ళ నాటి పదార్థమూ 250 కోట్ల నాటిదీ కలిస్తే, లెక్క నడుమ ఎక్కడో తేలుతుంది. ఆ నడిమి కాలంలో అసలేమీ జరిగి ఉండకపోవచ్చు. ఈ రంగంలోని వారికి ఇది తెలుసు కాబట్టే దాన్ని నమూనా వయసు అని జాగ్రత్తగా పిలుస్తారు. పత్రికల శీర్షికల్లోకి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎగిరిపోతుంది.

మాటల్లో బంగారం వచ్చింది కాబట్టి కోలార్ బంగారు గనుల సంగతి. ఆ గనులున్న శిలల పట్టీ దక్షిణపు కొస చిత్తూరు జిల్లాలో, చిగురుగుంట, బిసానత్తం గనుల వైపు సాగుతుంది. పట్టీకి ఇటూ అటూ ఉన్న నైస్ శిలలు మామూలు కంటికి ఒకే కుటుంబంలా ఉంటాయి. 1989లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన వాటి ఐసోటోపులను పరిశీలించింది. పడమటి వైపు శిలల్లో 320 కోట్ల ఏళ్ళకు పైబడిన పాత నేల కలిసిన ఆనవాళ్ళున్నాయి. తూర్పు వైపు శిలలు సుమారు 253 కోట్ల ఏళ్ళ నాడు మాంటిల్ నుంచి నేరుగా వచ్చిన పదార్థంతో ఏర్పడినట్లు తేలింది. అంటే వేరువేరు చోట్ల, వేరువేరు చరిత్రలతో పుట్టిన రెండు నేలలు 250 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ ఒకదానికొకటి అతుక్కున్నాయని ఆ పరిశోధకుల వాదన. ఫలకాల కదలిక అంత పాత కాలంలోనే ఉందా అన్న చర్చకు కోలార్ ఇచ్చిన సాక్ష్యం ఇది. బంగారం గనుల పేరుతో అంత ప్రసిద్ధమైన ఊరికి ఈ ఘనత కూడా ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇంకా వెనక్కి వెళితే శిలలే కరువవుతాయి. క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో ఉల్కల సీసం ఆధారంగా భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్లలో అతి పాతది దాదాపు 440 కోట్ల ఏళ్ళది. అది పుట్టిన తల్లి రాయి మాత్రం లేదు. ఆ రాయి అరిగి, రేణువు కొట్టుకుపోయి, సుమారు 300 కోట్ల ఏళ్ళ కిందట గులకరాళ్ళ మధ్య ఇరుక్కుంది. అయినా 2001లో నేచర్ పత్రికలో రెండు బృందాలు అలాంటి రేణువుల్లోని ఆక్సిజన్‌ను కొలిచి, భారమైన ఆక్సిజన్-18 మాంటిల్‌లో ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉందని చూపాయి. నేల మీద ద్రవరూపంలో ఉన్న నీటితో చర్య జరిపిన రాయి తరవాత కరిగితేనే అలా అవుతుంది. నిప్పుల ముద్దగా మనం ఊహించుకునే తొలి భూమి మీద నీళ్ళున్నాయని ఆ రేణువుల సాక్ష్యం. మన ఒడిశాలోని చంపువా దగ్గర శిలల్లోనూ 424 కోట్ల ఏళ్ళ నాటి జిర్కాన్ దొరికినట్లు 2018లో ప్రకటించారు. తనకన్నా ఎంతో చిన్న వయసు శిలలో కరగకుండా చిక్కుకుని అది మిగిలింది.

ప్రపంచంలోని జిర్కాన్ల వయసులన్నీ ఒకచోట చేర్చి చూస్తే 270 కోట్లు, 190 కోట్లు, 110 కోట్ల ఏళ్ళ దగ్గర గుంపులు కనబడతాయి. ఆ కాలాల్లో భూమి విజృంభించి ఖండాలను పోగుచేసిందని ఒకప్పుడు తేలిగ్గా చెప్పేవారు. భూశాస్త్రవేత్త రిచర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకోలేదు. ఖండాల పరిమాణం తొలి రోజుల్లోనే దాదాపు ఇప్పటి స్థాయికి చేరిందని, అప్పటి నుంచి ఎంత పుడుతోందో అంతా తిరిగి మాంటిల్‌లోకి పోతోందని 1968 నుంచీ వాదించాడు. ఖండాలు పెరుగుతూ వచ్చాయన్నది అపోహ అని, తాను కన్నుమూసిన 1991లో వచ్చిన వ్యాసానికి పెట్టిన పేరులోనే చెప్పాడు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. గాలిలో కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే బెరీలియం-10 సముద్రపు అడుగు మట్టిలో పేరుకుంటుంది. అదే కొన్ని అగ్నిపర్వతాల లావాలోనూ దొరికింది. కొన్ని కోట్ల ఏళ్ళకే అది పూర్తిగా నశిస్తుంది కాబట్టి, ఆ మట్టి ఇటీవలి కాలంలోనే కిందికి దిగి పైకి వచ్చిందనడంలో సందేహం లేదు. నేలను మాంటిల్ నిజంగానే మింగుతోంది. ఇప్పటి ఖండాల పరిమాణంలో సుమారు 65 శాతం 300 కోట్ల ఏళ్ళ నాటికే తయారైందని 2012లో హాఫ్నియం, ఆక్సిజన్ ఐసోటోపుల మీద వేసిన ఒక అంచనా. ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నంత త్వరగా కాదు, పాఠ్యపుస్తకాలు చెప్పినంత నిదానంగానూ కాదు. ఇక ఆ గుంపుల సంగతి: ఖండాలు ఢీకొని మహాఖండాలుగా కలిసిన కాలాల్లో పుట్టిన శిలలు లోపల చిక్కుకుని భద్రంగా మిగిలాయని, అందుకే ఎక్కువ దొరుకుతున్నాయని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. నాకూ ఇదే సబబనిపిస్తుంది. మిగిలినదాన్ని చూసి పుట్టినదాన్ని లెక్కగట్టడం ఎంత ప్రమాదమో తిరుమల ఘాట్ రోడ్డే చూపిస్తుంది. అక్కడ కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు పొరలు. రెంటికీ నడుమ ఉన్న గీతలో పదుల కోట్ల ఏళ్ళు గల్లంతయ్యాయి. భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. ఎప్పుడైనా కొండ ఎక్కేటప్పుడు ఆ గీత దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడవచ్చు.

హైదరాబాద్ బండలను పగలగొడుతున్నారన్న బాధ పాతదే. చెరువులు, అందం, వారసత్వం గురించి చాలామంది మాట్లాడారు. నాది ఇంకొక్క మాట. జిర్కాన్ రేణువుకు రాతిపొడి చాలు, కొండ నిలబడి ఉండనక్కరలేదు కదా అనవచ్చు. కానీ ఏ గ్రానైటు ఏ పాత నైస్‌ను చీల్చుకుని వచ్చింది, ఏ నల్లరాతి డైకు దాన్ని అడ్డంగా కోసింది, పాత రాతి ముక్కలు ఎక్కడ చిక్కుకున్నాయి అన్నవి పొడిలో తెలియవు. జాక్ హిల్స్ రేణువుల మీద దశాబ్దాలుగా తగవు తెగకపోవడానికి తల్లి రాయి లేకపోవడం ఒక ప్రధాన కారణం. అక్కడ ఆ పని ప్రకృతి చేసింది. ఇక్కడ తల్లి రాళ్ళను మనమే కంకరగా మారుస్తున్నాం, అదీ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్న నగరంలో. పెద్ద భవనం కట్టేముందు పునాది పరీక్ష కోసం ఎలాగూ డ్రిల్లింగ్ చేసి రాతి కోర్లు తీస్తారు. పని అయ్యాక అవి పక్కన పడి ఉంటాయి. ఎక్కడ, ఎంత లోతున తీశారో రాసిన చీటీతో, పేలుళ్ళకు ముందు తీసిన బండల ఫొటోలతో వాటిని దగ్గరలోని విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర విభాగానికి అప్పగించాలని అనుమతి పత్రంలో ఒక నిబంధన చేర్చవచ్చు. బిల్డరుకు ఆటో కిరాయికి మించి ఖర్చవదు.