గోరంట్ల గాలిలో సైకిల్

మొన్న కార్గిల్ విజయ్ దివస్ రోజు, అంటే జూలై 26న, హిందూపురం నుంచి ధర్మవరం దాకా సైకిల్ తొక్కాను. గేర్లు లేని పాత సైకిలే. నేరుగా పెనుకొండ రోడ్డు పట్టుకుంటే దూరం తగ్గేది. కానీ ముందు గోరంట్ల వైపు తిప్పాను. ఆ మండలంలోనే కల్లి తండా ఉంది. 2025 మే 9న జమ్ముకశ్మీర్ సరిహద్దులో పాక్ కాల్పులకు ప్రాణం వదిలిన అగ్నివీర్ మురళీ నాయక్ ఊరు.

తండాలో ఎవరి తలుపూ తట్టలేదు. కడుపుకోత ఉన్న ఇంటి ముందు ఫోన్ పట్టుకుని నిలబడటం నాకు నచ్చదు. రోడ్డు పక్కన చెప్పులు విడిచి రెండు నిమిషాలు నిలబడ్డాను, అంతే.

అసలు కష్టం అక్కడి నుంచే. గోరంట్ల నుంచి పెనుకొండ పడమటి దిక్కు. ఈ నెలల్లో మన సీమలో పడమటి గాలి ఎట్లా కొడుతుందో తెలుసు కదా! ఎంత తొక్కినా సైకిల్ కదలదు. తొడలు పట్టేశాయి. రెండు చోట్ల దిగి నడిచాను.

పెనుకొండలో టీ అంగడి దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో ఉన్న ఒక పెద్దాయన పలకరించాడు. "ఏం నాయనా, ఈ గాలిలో యాడికి పోతాండావు?"

చెప్పాను. నవ్వాడు. ఆయన కూడా 17 ఏండ్లు ఆర్మీలో చేశాడట! పిల్లల చదువుల కోసం ఇప్పుడీ నైట్ డ్యూటీ. "నాకు పింఛనన్నా వస్తాంది. ఇప్పుడు పోయే పిల్లోళ్లకు అదీ లేదు" అన్నాడు.

నిజమే. అగ్నివీర్ సర్వీసు 4 ఏళ్లు. తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం మందికి మించదు. మిగిలినవాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి రావాలి. పింఛను లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు.

ధర్మవరం చేరేసరికి సాయంత్రమైంది. ఊరి బయట గ్రౌండులో పిల్లలు ఉరుకుతున్నారు. ఆర్మీ సెలక్షన్‌లో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు ఉరికితే పూర్తి మార్కులు. ఒకడు నా చేతికి ఫోనిచ్చి, "అన్నా, స్టాప్‌వాచ్ పట్టుకుంటావా?" అన్నాడు.

5 నిమిషాల 41 సెకన్లు.

వాడు మోకాళ్లమీద చేతులేసుకుని రొప్పుతూ స్క్రీన్ చూసుకున్నాడు. "రేప్పొద్దున 5 గంటలకు వస్తావా అన్నా, టైమ్ సూడనీకి?"

రాత్రి రైలుకే తిరిగి రావాల్సినవాణ్ణి, ధర్మవరంలోనే ఆగిపోయాను.