అర్జీలు - విచారణలు

సోమవారమునాడు మా రామారెడ్డినుండి ప్రొద్దుటి బస్సులో కామారెడ్డికి పోవువారిని చూచినచో ఎవరు అంగడికి పోవుచున్నారో, ఎవరు ఆసుపత్రికి పోవుచున్నారో, ఎవరు అర్జీ ఇచ్చుటకు పోవుచున్నారో ఇట్టె చెప్పవచ్చును. అర్జీదారు తన సంచిని పైన బెట్టడు, క్రింద బెట్టడు. ఒడిలో నుంచుకొని రెండు చేతులతో పట్టుకొని కూర్చుండును. అందులో పాసుపుస్తకము, పాత పహాణీల నకళ్లు, ఇదివర కిచ్చిన అర్జీల రసీదులు ఉండును. మొన్న నా ప్రక్కను కూర్చున్న ఒక పెద్దాయన సంచిలో అట్టి రసీదులు మూడు చూచితిని.

ఆయన కష్టము చెప్పుటకు పెద్దది కాదు. తండ్రినాటినుండి దున్నుచున్న చేనిలో ఇరువది గుంటలు క్రొత్త పుస్తకమున ఎక్కలేదు. ఎక్కింపుడని ఒక కార్యాలయమునకు పోయెను. అక్కడివారు నేడు రేపు అని త్రిప్పి, తుదకు వీలుపడదనిరి. అంతట పై కార్యాలయమున అర్జీ ఇచ్చెను. పైవారు దానిని మర్యాదగనే పుచ్చుకొనిరి, సంఖ్య వేసిరి, రసీదు నిచ్చిరి, విచారించి తగు చర్య తీసికొనవలసినదని అంచున వ్రాసి పంపిరి. ఎవరికి పంపిరి? వీలుపడదన్నవారికే! వారు విచారించిరి. తాము చేసినది సరియే యని తేల్చిరి. పైవారి లెక్కలో ఆ అర్జీ పరిష్కారమైన వానిలో చేరెను. రెండవ మారును, మూడవ మారును ఇట్లే జరిగెను. ఆయన నాలుగవ అర్జీతో పోవుచుండెను.

"ఈసారి సుత గంతే అయితది గద, పెద్దయ్యా" అంటిని.

"సార్లు మారుతుంటరు బిడ్డా, ఒక్కడన్న సదువుతడేమో" అనెను.

ఫిర్యాదు ఎవరిమీదనో వారి చేతికే విచారణ నిచ్చు ఈ పద్ధతి ఏ ధర్మశాస్త్రములోనిదని అడుగుటకే నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను. దొంగతనపు తగవులో దొంగనే పెద్దమనిషిగ కూర్చుండబెట్టిన గ్రామమును మనమెవ్వరమును చూడలేదు. కార్యాలయములలో మాత్రము ఇది నిత్యవ్యవహారము. ఇది నిన్న మొన్న పుట్టిన వ్యవహారమును కాదు.

రామారెడ్డి వెనుకటి కాలమున నిజాము ఏలుబడిలోనిది. మద్రాసు సర్కారుతో దానికి పొత్తు లేదు. అయినను ఈ వ్యాధిని కనిపెట్టి పెద్దల యెదుట బెట్టినవారిలో మద్రాసునందలి తెలుగువాడొకడు ముఖ్యుడు గనుక ముందుగా అక్కడికి పోవలసియున్నది. ఆయన గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి. వర్తకుడు. 1844లో క్రెసెంటు అను పత్రికను స్థాపించెను. 1852లో మద్రాసు స్వదేశీయుల సంఘము నేర్పరచి, దాని పక్షమున సీమలోని పార్లమెంటుకే మహజరు పంపించెను. రైతులవద్ద శిస్తు రాబట్టుటకై కంపెనీవారి నౌకరులు చేయు హింసలు ఆ సంఘము చెప్పుకొన్న మొరలలో ముఖ్యమైనవి. రైతును నడుము వంచి మెడను కాళ్లకు త్రాటితో కట్టి ఎండలో నిలువబెట్టుట, వ్రేళ్లను కొయ్యల నడుమ బెట్టి నొక్కుట మొదలగునవి నాడు వసూలు పద్ధతులు. 1853లో సేమూరు అను పార్లమెంటు సభ్యుడు స్వయముగ వచ్చి చూచిపోయెను. 1854లో పార్లమెంటున చర్చ జరిగెను. తుదకు విచారణకై ఒక కమిషను ఏర్పడెను.

ఆ కమిషను మద్రాసులో కూర్చుండి ఫిర్యాదులు పుచ్చుకొనెదమని ప్రకటింపగా మూడు నెలలలో దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చెను. కొందరు వందలకొలది మైళ్లు నడచివచ్చిరి. చదువరులు ఇక్కడ ఒక నిమిషము ఆగవలెను. ఈ రెండు వేలమందియు ఆ సంవత్సరముననే క్రొత్తగ దెబ్బలు తిన్నవారా? అంతకుముందు వారికి నోరు లేదా? నోరున్నది, వినువాడు లేడు. శిస్తు వసూలు చేయు తహసీల్దారే పోలీసు అధికారియు. ఎండలో నిలువబెట్టినవాడును, నన్ను ఎండలో నిలువబెట్టినారని చెప్పుకొన్నచో మొదట వినవలసినవాడును ఒక్కడే. 1855లో వెలువడిన నివేదికలో కమిషనువారు హింస జరుగుట నిజమని ఒప్పుకొనిరి. రైతునకు న్యాయము అందకుండుటకు ఈ రెండధికారముల కలయిక ఒక కారణమనియు చూపిరి. 1859 నాటి చట్టముతో మద్రాసు రాజధానిలో పోలీసుశాఖ రెవిన్యూనుండి వేరైపోయెను. ఒక మహజరు ఇంతపని చేసెను. అది తక్కిన అర్జీలకంటె ఎక్కువగ ఏడ్చినందున కాదు. దానిని విచారించినవారు తహసీలు కచ్చేరికి బయటివారైనందున.

ఆ కమిషనును నేను పూజించుటలేదు. దాని సభ్యులందరును తెల్లవారే. ప్రజలు మొరపెట్టుకొనునది తమ దేశీయులైన చిన్న నౌకరుల క్రౌర్యమును గూర్చియే గాని దొరల నిర్దయను గూర్చి కాదని వారు తేల్చిరి! శిస్తు రేటు నిర్ణయించిన దొర చేతికి మట్టి అంటలేదు. ఎవరు విచారించినను తమవారి గుమ్మమువద్దకు వచ్చువరకు మాత్రమే నడుతురనుటకు ఇంతకు మించిన నిదర్శనము వెదకనక్కరలేదు.

ఇది మన దేశపు జాడ్యమే యనుకొనరాదు. మనవలెనే ఇంగ్లీషువారి క్రింద నలిగిన ఐర్లండులో పందొమ్మిదవ శతాబ్దమందు కౌలుదారులు, కూలీలు, ఖైదీల కుటుంబములవారు డబ్లిను కోటలోని ప్రభుత్వమునకు వేలకొలది విన్నపములు పంపిరి. 1845 మొదలుకొని ఆలుగడ్డ పంటకు తెగులు తగిలి కరవు వచ్చినపుడు ఆకలి విన్నపములును వానికి తోడయ్యెను. కాని అక్కడి ఊళ్ల మేజిస్ట్రేటులు చాలమట్టుకు భూస్వాములే. భూస్వామిపై కౌలుదారు చెప్పుకొన్నచో, నిజానిజములు తెలుపుమని కోటవారు అడుగునది మరియొక భూస్వామిని. స్థానికులపై నమ్మకము చాలక బయటినుండి జీతముపై మేజిస్ట్రేటులను తెచ్చి పెట్టవలసి వచ్చెను. మన మద్రాసు కథకు ఇది తోబుట్టువు.

ఇక మన సీమకు వత్తము. నిజాము రాజ్యమున జనులలో దాదాపు సగముమంది తెలుగు మాటలాడువారు. కచ్చేరి భాష 1880ల వరకు ఫారసీ, ఆ తరువాత ఉర్దూ. రామారెడ్డి రైతు తన కడుపులోని బాధను తెలుగున చెప్పగా కచ్చేరి ముందరి మున్షీ దానిని ఉర్దూలో వ్రాసెడివాడు. ఏమి వ్రాసెనో రైతునకు తెలియదు. వేలిముద్ర మాత్రము రైతుది. ఆ కాగితమున రైతు పేరు ముందు ఫిద్వీ అని ఉండెడిది. తమకొరకు ప్రాణమిచ్చు దాసుడని దాని భావము. ప్రాణములు కాపాడుడని అడుగబోయినవాడు, ప్రాణములిచ్చెదనని సంతకము చేసి వచ్చెడివాడు!

అట్టి అర్జీ పట్వారీ, గిర్దావరు, తహసీల్దారు, తాలూకుదారు, సుబేదారు అను మెట్లెక్కవలెను. ఎక్కిన ప్రతి అర్జీయు విచారణ నిమిత్తము మరల అవే మెట్లు దిగవలెను. వెట్టిచాకిరిని నిషేధించుచు ప్రభుత్వమువారు ఆజ్ఞలు వెలువరింపకపోలేదు. ఆ ఆజ్ఞలను నడపవలసినవాడు ఎవడు? దౌరాకు వచ్చిన అధికారి. ఆయన సామాను వెట్టివాని నెత్తిపై వచ్చెను. ఆయన వంటకు పాలు, కట్టెలు, కోళ్లు వెట్టిగ వచ్చెను. ఆ భోజనము చేసి లేచిన అధికారికే వెట్టినిగూర్చి అర్జీ ఇయ్యవలెను.

1921లో హైదరాబాదునందు జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలి చేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. సభలోనే తెలుగునకు ఆ గతి పట్టినపుడు కచ్చేరిలో దాని గతి వేరే చెప్పవలెనా? మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు వెట్టినిగూర్చియు, వర్తకుల బాధలనుగూర్చియు చిన్న పుస్తకములు అచ్చొత్తించి, సర్కారు ఆజ్ఞలు ఇవి, మీ హక్కులు ఇవి అని ఊరూర తెలియజేసిరి. ఈ పని నాకు మిక్కిలి గొప్పదిగ తోచును. ఒంటరివాడు ఇచ్చునది విన్నపము. ఆజ్ఞ యొక్క నకలు చేతబట్టుకొని ఊరంతయు కలిసి అడుగునది లెక్క. సర్కారుకు ఈ భేదము బాగుగ తెలిసియుండెను. కనుకనే గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుతో సభ జరుపుకొనుటకే అనుమతి కావలెననిరి. అర్జీ పెట్టుకొనుటకై కూడుటకు మరియొక అర్జీ! అయినను 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ఆంధ్ర మహాసభ జరిగెను. 1937లో మన నిజామాబాదులోనే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను జరిగెను.

ఒంటరిగ పోరాడి గెలిచినవాడు లేడా యని అడుగుదురేమో. కలడు. జనగామ తాలూకాలో, మన కామారెడ్డి కాదు, కామారెడ్డిగూడెము అను పల్లెలో బందగీ అను పేద ముసల్మాను రైతు విసునూరు దేశముఖు పక్షముతో భూమికై కోర్టులో పెనగి గెలిచెను. గెలిచిన తరువాత 1940లో దారికాచి చంపిరి. తీర్పు కాగితము ఆయన పక్షముననే యుండెను.

ఆ రాజ్యము పోయినది. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థయు పోయినది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడి, మా రామారెడ్డి మండలమైనది. నిజామాబాదువరకు పోవు శ్రమ తప్పినది. 2020లో ధరణి వచ్చెను. 2025లో అది పోయి భూభారతి వచ్చెను. ఈ క్రొత్త చట్టమున అప్పీలుకు మెట్లు ఏర్పరచినారు; మెచ్చదగినదే. హైదరాబాదులో ప్రజాభవనమున 2023 డిసెంబరునుండి అర్జీలు పుచ్చుకొననారంభించిరి, అదియు మంచిదే. దారి దగ్గరైనది, పుచ్చుకొను చేతులు పెరిగినవి. పుచ్చుకొన్న అర్జీ మరల దిగివచ్చు మెట్టు మాత్రము మారలేదు.

కామారెడ్డిలోనే 2023 జనవరిలో జరిగినది చూడుడు. పట్టణ బృహత్ప్రణాళిక ముసాయిదాలో చుట్టుపట్ల గ్రామముల పంట భూములను పరిశ్రమల భాగమున చూపిరి. రైతులు గగ్గోలు పడగా, ఇది ముసాయిదాయే, జనవరి 11 వరకు ఆక్షేపణలు ఇయ్యవచ్చునని సమాధానము వచ్చెను. ఆక్షేపణలు ఎవరు విందురు? ముసాయిదాను ప్రకటించినవారే. ఒక రైతు ప్రాణము తీసికొనెను. 5వ తేదీని గ్రామములకు గ్రామములే కలెక్టరు కచ్చేరి ముందు చేరెను. 20వ తేదీని పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దుచేయుచు తీర్మానించెను. కాగితముమీది ఆక్షేపణ చేయజాలని పనిని రోడ్డుమీది జనము పదునైదు దినములలో చేసిరి. అర్జీపై నమ్మకము గలవారెవ్వరును దీనికి సంతోషింపజాలరు. అర్జీకి విలువ యున్నచో ఆ రోడ్డెక్కు అవసరమే లేకపోయెడిది.

అధికారుల పక్షమున చెప్పదగినదియు కలదు. ఆకాశరామన్న అర్జీలు తక్కువ కావు. పాలివానిపై పగతో వ్రాయునవి, ఎన్నికలలో ఓడినవాడు గెలిచినవానిపై వ్రాయించునవి ఎన్నో యుండును. ప్రతి గుంట తగవునకును జిల్లా అధికారి గట్టుమీదికి రాజాలడు. ఒప్పుకొందును. కాని అబద్ధపు అర్జీని వడపోయుటకు ముద్దాయినే జల్లెడగ వాడవలెనా? ప్రక్క మండలమువాని నొకనిని పంపరాదా? అతనికి ఈ ఊరిలో చుట్టము లేడు, బాకీ లేదు, దాచుకొనవలసిన తప్పును లేదు.

మనలోని చదువుకొన్నవారి తప్పు ఇంతకంటె చిన్నది కాదు. అర్జీ వ్రాసి పెట్టుట ఒక సహాయముగ నుండవలసినది పైరవీగ మారినది. పెద్ద సారు నాకు తెలుసునని సంచి పట్టుకొన్నవానిని టీ కొట్టుకు తీసికొనిపోవువాడు మన బళ్లలో చదివినవాడే. అర్జీదారు పని అయినచో అతని బేరము పోవును. కనుక మూడవ అర్జీ, నాలుగవ అర్జీ అతనికి పంట.

అడుగవలసినది పెద్దది కాదు. ఏ కార్యాలయముపై ఫిర్యాదో ఆ కార్యాలయమునకు దానిని విచారణకై పంపరాదని ఉత్తరువు కావలెను. విచారించినవాని పేరు, హోదా, చేను చూచిన తేదీ జవాబులో నుండవలెను. జవాబు అర్జీదారు చదువుకొనగల తెలుగున నుండవలెను. పరిష్కారమైనదని లెక్కలో వ్రాయుటకు ముందు అర్జీదారు ఏమనుచున్నాడో ఒక్క పంక్తి వ్రాయించుకొనవలెను. దీనికి క్రొత్త శాఖ అక్కరలేదు, క్రొత్త భవనము అక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టముచే ఈ వివరములలో చాలవానిని అడిగి తెచ్చుకొనవచ్చును. అడుగకయే ఇచ్చుటకు ఏమి అడ్డమో తెలియరాదు.

పెద్దాయన నాలుగవ అర్జీని తిరుగు ప్రయాణమున నేనే చదివితిని. మీరే తల్లి, మీరే తండ్రి అని మొదలు బెట్టి ఒకటిన్నర పుట సాగినది. ఇరువది గుంటల మాట చివరి రెండు పంక్తులలో నున్నది. వ్రాసినవాడు దానికి రెండువందల రూపాయలు పుచ్చుకొనెనట. అయిదవది వ్రాయవలసి వచ్చినచో నేను వ్రాసి పెట్టెదనని చెప్పితిని. అందులో తల్లియు తండ్రియు ఉండరు. సర్వే సంఖ్య, గుంటలు, వెనుకటి మూడు విచారణల తేదీలు, ఆ మూడింటను సంతకము చేసిన చేయి ఒక్కటే యను మాట ఉండును.